నా ల్యాప్‌టాప్‌లో కుదురుగా ఉన్న రెజ్యూమె వేరేచోట ఎందుకు చెదిరిపోతోంది?

ప్రశ్న: నాలుగేళ్లుగా పనిచేస్తున్నాను, ఇప్పుడు ఉద్యోగం మారదామని రెజ్యూమె మళ్లీ రాసుకున్నాను. రెండు వారాలు వర్డ్‌లో కూర్చుని చేశాను. నా కొత్త ల్యాప్‌టాప్‌లో ముచ్చటగా ఉంది. స్నేహితురాలికి పంపితే ఆమె పాత కంప్యూటర్‌లో కుడివైపు ఉండాల్సిన ఏళ్లన్నీ వంకరటింకరగా కనిపించాయట, మూడు లైన్లు రెండో పేజీలోకి జారిపోయాయట. నెట్‌లో దొరికిన టెంప్లేట్లు నాలుగు మార్చి చూశాను, ఒకటి సరిచేస్తే ఇంకోటి కదులుతోంది. ఏ ఫాంట్ వాడాలి? రంగు పెట్టొచ్చా? ఒకే పేజీలో ఉండాలా? ఎవరికైనా పంపాలంటేనే టెన్షన్‌గా ఉంది. వర్డ్ ఫైల్‌నీ దాని పీడీఎఫ్‌నీ జత చేశాను, చూసి చెప్పండి.

జవాబు: ఫైల్ పంపడం మంచిదైంది, లేకపోతే నేను కూడా ఊహించి చెప్పాల్సి వచ్చేది. తెరవగానే నేను చేసిన మొదటి పని హోమ్ ట్యాబ్‌లో పేరాగ్రాఫ్ గుర్తు (¶) ఉన్న బటన్ నొక్కడం. కీబోర్డ్‌లో అయితే కంట్రోల్, షిఫ్ట్, 8 కలిపి నొక్కినా అదే జరుగుతుంది. మీరు కూడా ఇప్పుడే నొక్కి చూడండి. మామూలుగా కంటికి కనిపించనివన్నీ బయటపడతాయి. స్పేస్ బార్ నొక్కిన ప్రతిసారీ ఒక చుక్క, ట్యాబ్ నొక్కిన చోట ఒక బాణం, ఎంటర్ నొక్కిన చోట ఆ ¶ గుర్తు కనిపిస్తాయి. మీ మొదటి ఉద్యోగం లైన్లో కంపెనీ పేరుకీ "2021 – 2023"కీ మధ్య చుక్కలు లెక్కపెట్టాను, 37 ఉన్నాయి. కింది లైన్లో 41. అంటే మీరు ఏళ్లని కుడి అంచుకి చేర్చడానికి స్పేస్ బార్ నొక్కుకుంటూ పోయారు, కంటికి సరిగ్గా అనిపించిన చోట ఆపారు.

వంకర అంతా అక్కడే ఉంది. ఫాంట్‌లో అక్షరాలన్నీ ఒకే వెడల్పు ఉండవు, ఖాళీ వెడల్పు కూడా ఫాంట్‌కీ ఫాంట్‌కీ మారుతుంది. మీ ఫైల్‌లో ఉన్నది ఆప్టోస్ అనే ఫాంట్. మైక్రోసాఫ్ట్ దాన్ని వర్డ్‌కి డిఫాల్ట్ ఫాంట్‌గా ప్రకటించింది 2023లో, అంతకుముందు వర్డ్ 2007 నుంచీ ఆ చోట కాలిబ్రీ ఉండేది. పాత వర్డ్ ఉన్న కంప్యూటర్‌లో ఆప్టోస్ ఉండదు కాబట్టి అది దానికి తోచిన ఇంకో ఫాంట్‌తో చూపిస్తుంది. 37 ఖాళీల వెడల్పు ఒకలా మారుతుంది, 41 ఖాళీల వెడల్పు ఇంకోలా మారుతుంది, ఇక ఏళ్లు ఒక వరసలో ఎలా నిలబడతాయి? స్నేహితురాలి కంప్యూటర్‌ది ఏ తప్పూ లేదు. టెంప్లేట్లు మార్చినా కుదరకపోవడానికి కారణం కూడా ఇదే, కొత్త టెంప్లేట్‌లోకి మీరు పాత లైన్లని ఆ చుక్కలతో సహా తెచ్చి అతికించారు.

నేను చాలా ఏళ్లుగా ఉద్యోగాలకి వచ్చే రెజ్యూమెలు చదువుతున్నాను, చెదిరిపోయి కనిపించిన వాటిలో ఎక్కువ శాతం ఇలాగే ఉంటాయి. ఇందులో మీ అభిరుచి లోపం ఏమీ లేదు. ఎవరూ వర్డ్ నేర్పరు కదా, టైప్‌రైటర్ మీద చేసినట్టే అందరం మొదలుపెడతాం. కానీ దీన్ని సరిచేయడానికి అరగంట చాలు.

చుక్కలన్నీ చెరిపేయండి. కంపెనీ పేరుకీ ఏళ్లకీ మధ్య ట్యాబ్ కీ ఒక్కసారి మాత్రమే నొక్కండి. ఒక బాణం కనిపిస్తుంది, ఏళ్లు ఎక్కడో మధ్యలో ఆగుతాయి, కంగారు పడకండి. ఇప్పుడు ఆ లైన్ మీద రైట్ క్లిక్ చేసి, పేరాగ్రాఫ్ ఎంచుకుని ఆ బాక్స్ తెరిచి అడుగున ఉన్న ట్యాబ్స్ బటన్ నొక్కండి. అక్కడ ట్యాబ్ ఎక్కడ ఆగాలో దూరం అడుగుతుంది. ఆ దూరం లెక్క ఇలా: ఎ4 కాగితం వెడల్పు 21 సెంటీమీటర్లు, మీరు రెండు వైపులా 2 సెంటీమీటర్ల మార్జిన్ పెట్టారు, మిగిలింది 17. కాబట్టి 17 సెంటీమీటర్లని టైప్ చేసి, అలైన్‌మెంట్‌లో రైట్ ఎంచుకుని, సెట్ నొక్కి, ఓకే చేయండి. మీ వర్డ్ అంగుళాల్లో చూపిస్తున్నా ఫర్వాలేదు, అంకె పక్కన సెంటీమీటర్ల గుర్తు సి, ఎం అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే అదే మార్చుకుంటుంది. ఏళ్లు వెళ్లి కుడి అంచుకి అతుక్కుంటాయి. కంపెనీ పేరు పొడవైనా పొట్టిదైనా, ఫాంట్ ఏదైనా, ఏళ్ల చివరి అంకె మాత్రం ఆ అంచు దగ్గరే నిలబడుతుంది. పైన రూలర్ మీద నేరుగా క్లిక్ చేసి కూడా ట్యాబ్ పెట్టొచ్చు కానీ, సరిగ్గా మార్జిన్ దగ్గర క్లిక్ చేస్తే ఇండెంట్ గుర్తు చేతికి వచ్చి విసిగిస్తుంది, అంకె టైప్ చేయడమే సుఖం.

ఎంటర్ కీతో కూడా మీరు ఇదే పని చేశారు. "అనుభవం" అనే హెడింగ్ పైన ఒక ఖాళీ లైన్, కింద ఒక ఖాళీ లైన్. అందువల్ల హెడింగ్ పైనున్న విషయానికీ కిందున్న విషయానికీ సమాన దూరంలో వేలాడుతోంది, చదివేవాళ్ల కన్ను అది దేనికి సంబంధించిందో ఒక్క క్షణం వెతుక్కుంటుంది. హెడింగ్ తన కింద ఉన్నవాటికి దగ్గరగా, పైన అయిపోయినవాటికి దూరంగా ఉండాలి. పేజీ పొందికగా అనిపించడంలో సగం ఇక్కడే ఉంది, ఫాంట్ కంటే రంగు కంటే ఎక్కువగా. ఖాళీ లైన్లు తీసేసి హెడింగ్ మీద పేరాగ్రాఫ్ బాక్స్ తెరవండి, స్పేసింగ్‌లో బిఫోర్ దగ్గర 14 పాయింట్లు, ఆఫ్టర్ దగ్గర 4 పాయింట్లు ఇవ్వండి. పాయింట్ అంటే అంగుళంలో 72వ వంతు. ఇంత చిన్న కొలత చేతిలో ఉన్నప్పుడు ఒక లైన్ మొత్తం ఖాళీగా వదలాల్సిన అవసరమేముంది? మీ ఫైల్‌లో ఖాళీ లైన్లు 19 ఉన్నాయి, అవి తీసేస్తే రెండో పేజీలోకి జారిన ఆ మూడు లైన్లూ వాటంతట అవే వెనక్కి వచ్చాయి, నేను చేసి చూశాను.

ఇప్పుడు ఈ హెడింగ్ మీకు నచ్చినట్టు తయారైంది కదా, అక్షరాలు 12 లేదా 13 సైజు, బోల్డ్, పైన కింద దూరం. దీన్నే మిగిలిన ఐదు హెడింగ్‌లకి మళ్లీ మళ్లీ చేయకండి. హోమ్ ట్యాబ్‌లో స్టైల్స్ వరసలో హెడింగ్ 1 ఉంటుంది, దాని మీద రైట్ క్లిక్ చేసి, ఎంచుకున్న దానికి తగ్గట్టు అప్‌డేట్ చేయమని చెప్పే మొదటి ఆప్షన్ నొక్కండి. ఆ తర్వాత ప్రతి హెడింగ్ మీదా కర్సర్ పెట్టి హెడింగ్ 1 నొక్కితే అయిపోతుంది. రేపు 13 పెద్దగా ఉంది 12 చేద్దాం అనిపిస్తే ఒక్కచోట మార్చి మళ్లీ అప్‌డేట్ చేస్తే ఆరూ మారతాయి. "ఒకటి సరిచేస్తే ఇంకోటి కదులుతోంది" అని రాశారు చూడండి, స్టైల్స్ వాడితే ఆ బాధ ఉండదు. వర్డ్ లాంటి పనే చేసే లిబ్రెఆఫీస్ రైటర్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ ఇవే స్టైల్స్ ఉన్నాయి, బటన్లు మాత్రం వేరే చోట ఉంటాయి. లిబ్రెఆఫీస్‌లో ఎఫ్11 నొక్కితే స్టైల్స్ జాబితా తెరుచుకుంటుంది, కనిపించని గుర్తులు చూడటానికి కంట్రోల్, ఎఫ్10.

హెడింగ్‌ల కింద మీరు అండర్‌స్కోర్ కీ నొక్కిపట్టి గీత గీశారు. అది కూడా అక్షరాలే కాబట్టి ఫాంట్ మారితే గీత పొట్టిదవుతుంది, లేదా పొడుగై కింది లైన్లోకి విరుగుతుంది. గీత కావాలంటే పేరాగ్రాఫ్‌కి బాటమ్ బోర్డర్ పెట్టండి, హెడింగ్ 1 స్టైల్‌లోనే అది కూడా కలిసిపోతుంది. సన్నగా అర పాయింట్ మందం చాలు, నలుపు కంటే బూడిద రంగు బాగుంటుంది.

బులెట్ల దగ్గరికి వద్దాం. మీరు హైఫన్ కొట్టి ఒక స్పేస్ ఇచ్చి రాశారు, రెండో లైన్ వచ్చేసరికి అది హైఫన్ కిందికే వెళ్లిపోయింది. వర్డ్ ఇచ్చే బులెట్ బటన్ వాడితే రెండో లైన్ మొదటి లైన్లోని మాట కిందే మొదలవుతుంది, బులెట్లు ఎడమవైపు ఒక వరసలో విడిగా నిలబడతాయి, చదివేవాళ్లు పైనుంచి కిందికి వాటిని పట్టుకుని దిగుతారు. ఇక్కడ ఒక చిక్కు ఉంది, చాలామంది దీని దగ్గర గంటలు పోగొట్టుకుంటారు. బులెట్ల మధ్య కొంచెం దూరం కావాలని ఆఫ్టర్ దగ్గర 3 పాయింట్లు ఇస్తారు, ఏమీ కదలదు. పేరాగ్రాఫ్ బాక్స్‌లో ఒకే స్టైల్ ఉన్న పేరాల మధ్య దూరం వద్దు అని చెప్పే చిన్న చెక్‌బాక్స్ ఉంటుంది, బులెట్లకి వర్డ్ వాడే స్టైల్‌లో అది ముందే టిక్ అయి వస్తుంది. ఆ టిక్ తీసేయండి, 3 పాయింట్లూ పనిచేస్తాయి.

ఇక మీరు అడిగిన ఫాంట్ సంగతి. అందరూ మొదట దీన్నే అడుగుతారు, నిజానికి తక్కువ ముఖ్యమైనది ఇదే. చాలా కంప్యూటర్లలో ఉండేది, కన్నుకి ఇబ్బంది లేనిది ఏదైనా ఒకటి ఎంచుకుని మొత్తం దానితోనే రాయండి. వర్డ్ ఫైల్‌గా పంపాల్సి వస్తే కాలిబ్రీ ఇప్పటికీ క్షేమం, ఎందుకంటే అవతలివాళ్ల దగ్గర మైక్రోసాఫ్ట్ ఆఫీస్ లేకుండా లిబ్రెఆఫీస్ ఉన్నా, అక్షరాల వెడల్పులు కాలిబ్రీతో సరిపోయేలా చేసిన కార్లిటో అనే ఫాంట్ దానితో వస్తుంది, లైన్లు కదలవు. ఏరియల్ కూడా ఫర్వాలేదు. జార్జియా అక్షరాలు అందంగా ఉంటాయి, నాకూ ఇష్టమే, కానీ దానిలో అంకెలు కొన్ని పైకి కొన్ని కిందికి దిగి ఉంటాయి, నిండా ఏళ్లూ ఫోన్ నంబర్లూ ఉండే రెజ్యూమెలో అది గతుకులుగా కనిపిస్తుంది. సైజు ఎంతని అడిగితే 11 చెబుతాను, 10.5 వరకూ దిగొచ్చు. గారమండ్ లాంటి చిన్న అక్షరాల ఫాంట్ అయితే 12 పెట్టండి, అందులో 11 అంటే ఏరియల్ 11 కంటే చాలా చిన్నగా ఉంటుంది. మీ పేరు 18 నుంచి 20. లైన్ల మధ్య దూరం 1.1 దగ్గర పెట్టండి.

మీరు మొత్తం జస్టిఫై చేశారు, రెండు అంచులూ గీత గీసినట్టు ఉండాలని. పుస్తకంలో అది బాగుంటుంది, అక్కడ లైన్లు వరసగా పారుతాయి. రెజ్యూమెలో చిన్న చిన్న బులెట్లు కాబట్టి మాటల మధ్య పెద్ద పెద్ద ఖాళీలు పడతాయి, మీ మూడో బులెట్‌లో ఐదు మాటలు లైన్ మొత్తం పరుచుకుని ఉన్నాయి చూడండి. ఎడమవైపుకి అలైన్ చేసి కుడి అంచుని దాని మానాన వదిలేయండి, ఏళ్లు కుడివైపు వరసగా ఉన్నాయి కాబట్టి పేజీ వదులుగా అనిపించదు.

టెంప్లేట్లలో మీరు చివరగా పట్టుకున్నది రెండు నిలువు భాగాలుగా ఉంది, ఎడమవైపు ముదురు రంగు పట్టీలో ఫోన్ నంబరు, ఈమెయిల్, ఏ నైపుణ్యం ఎంతుందో చూపే చుక్కలూ గీతలూ. దాన్ని వదిలేయమని గట్టిగా చెబుతున్నాను. అలాంటివి ఎక్కువగా టెక్స్ట్ బాక్సులతోనో టేబుల్‌తోనో కట్టి ఉంటాయి. చాలా సంస్థలు దరఖాస్తులని ముందు ఒక సాఫ్ట్‌వేర్‌తో చదివిస్తాయి, అది అక్షరాలని బయటికి లాగి తన గడుల్లో నింపుకుంటుంది. రెండు కాలమ్‌లు ఉన్నప్పుడు కొన్ని సాఫ్ట్‌వేర్లు ఎడమ లైన్నీ కుడి లైన్నీ కలిపి చదివేస్తాయి, పైన హెడర్‌లో పెట్టిన ఫోన్ నంబరుని కొన్ని అసలు పట్టించుకోవు. అందుకే పేరు, ఫోన్, ఈమెయిల్ పేజీ లోపలే, మొదటి రెండు లైన్లలో రాయండి. ఆ చుక్కల విషయానికొస్తే, ఎక్సెల్ పక్కన ఐదుకి నాలుగు చుక్కలు అంటే చదివేవాళ్లకి ఏం అర్థమవుతుంది? "నెలవారీ అమ్మకాల రిపోర్టు పివట్ టేబుల్స్‌తో నేనే తయారు చేసేదాన్ని" అని మీ రెండో ఉద్యోగంలో రాశారే, ఆ ఒక్క వాక్యం ఆ చుక్కలన్నిటికంటే ఎక్కువ చెప్పింది. దాన్ని పైకి తీసుకురండి.

మీ ఫైల్ యంత్రానికి ఎలా కనిపిస్తుందో మీరే చూసుకోవచ్చు. పీడీఎఫ్ చేసి, తెరిచి, కంట్రోల్ ఎ కొట్టి మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. పైనుంచి కిందికి మీరు రాసిన క్రమంలోనే వస్తే సరే. ఉద్యోగం పేరు ఒకచోట, దాని ఏళ్లు ఎక్కడో అడుగున పడితే లేఅవుట్ మార్చాలి.

ఒకే పేజీనా అంటే, నాలుగేళ్ల అనుభవానికి ఒక పేజీ చాలు, పదిహేనేళ్లు పనిచేసినవాళ్లకి రెండు పేజీలైనా తప్పు లేదు. కానీ పేజీలో ఇరికించడానికి అక్షరాలని 9కి దించి మార్జిన్లని ఒక సెంటీమీటర్ చేయడం మాత్రం వద్దు. మార్జిన్ వృథా అనుకుంటారు చాలామంది, అది కాదు, ఆ తెల్లని ఖాళీ వల్లే మిగతాది చదవబుద్ధి అవుతుంది. 2 సెంటీమీటర్ల కంటే తగ్గించకండి. స్థలం కావాలంటే మాటలు తగ్గించండి. ఒక బులెట్ చివర ఒకే ఒక్క మాట కింది లైన్లోకి జారిందా, ఆ వాక్యంలో ఒక మాట తీసేస్తే లైన్ మొత్తం మిగులుతుంది, మీ ఫైల్‌లో అలాంటివి నాలుగు కనిపించాయి. పదో తరగతి మార్కులు, "పైన చెప్పినవన్నీ నిజమని హామీ ఇస్తున్నాను" అనే లైన్, ప్రకటనలో అడగకపోతే ఫొటో, ఇవన్నీ తీసేయొచ్చు.

రంగు పెట్టొచ్చు, ఒకటే. ముదురు నీలం లాంటిది మీ పేరుకీ హెడింగ్‌లకీ ఇవ్వండి, మిగతాదంతా నలుపు. నలుపు తెలుపులో ప్రింట్ తీసినా చదవగలిగేలా ఉందో లేదో చూసుకోండి, లేత రంగులు ప్రింటర్‌లో మాయమైపోతాయి. ఈమెయిల్ రాయగానే వర్డ్ దాన్ని నీలం చేసి కింద గీత గీస్తుంది, లింక్ ఉంచుకుని రంగూ గీతా మామూలుగా మార్చండి.

ఇంకో రెండు చిన్న పనులున్నాయి. తేదీలు ఒకచోట "జూన్ 2021" అనీ ఇంకోచోట "06/2021" అనీ రాశారు, ఏదో ఒకటి ఎంచుకుని అన్నిచోట్లా అదే రాయండి. మీ ఫోన్ నంబరు మధ్యలో విరిగి రెండు లైన్లలో పడింది, అంకెల మధ్య మామూలు స్పేస్ బదులు కంట్రోల్, షిఫ్ట్ పట్టుకుని స్పేస్ కొడితే అది విరగదు.

ఇవన్నీ అయ్యాక వ్యూ ట్యాబ్‌లో వన్ పేజ్ నొక్కి, పేజీ మొత్తం స్క్రీన్ మీద చిన్నగా కనిపిస్తుండగా కుర్చీ కొంచెం వెనక్కి జరిపి కళ్లు సగం మూసి చూడండి. అక్షరాలు చదవడానికి రాకూడదు, ఆకారం మాత్రమే కనిపించాలి. మొదట మీ పేరు, తర్వాత హెడింగ్‌లు, కుడివైపు ఏళ్ల వరస విడిగా తెలుస్తున్నాయా? ఎక్కడైనా నల్లటి ముద్దలా కనిపిస్తే అక్కడ మాటలు ఎక్కువయ్యాయి, లేదా బోల్డ్ ఎక్కువైంది. మీ పాత ఫైల్‌లో కంపెనీ పేరు, హోదా, ఏళ్లు, ఊరు నాలుగూ బోల్డే. హోదా ఒక్కదానికి ఉంచండి.

పంపేటప్పుడు ప్రకటనలో వర్డ్ ఫైలే కావాలని ప్రత్యేకంగా అడిగితే తప్ప పీడీఎఫ్ పంపండి. వర్డ్‌లో సేవ్ యాజ్‌లోకి వెళ్లి పీడీఎఫ్ ఎంచుకుంటే ఫాంట్ కూడా ఫైల్ లోపలే వెళ్తుంది, అవతల ఆప్టోస్ ఉన్నా లేకపోయినా మీరు చూసిందే వాళ్లూ చూస్తారు. అలాగని చుక్కలు సరిచేయకుండా పీడీఎఫ్‌తో కప్పిపుచ్చకండి, వర్డ్ ఫైల్ అడిగిన రోజున మళ్లీ ఇదే టెన్షన్. ఫైల్ పేరు "ఫైనల్ కొత్తది 3" అని ఉంది, మీ పేరు, దాని పక్కన రెజ్యూమె అని మార్చండి.

ఉద్యోగం నుంచి పిలుపు వస్తుందా రాదా అన్నది ఈ ముస్తాబు ఒక్కదానితో తేలదు, అలా మాట ఇవ్వలేను. మీ పని బాగుంది, చదివితే తెలుస్తోంది, అది చదివేవాళ్ల కంటికి అడ్డం లేకుండా చేరాలన్నదే నా ఆరాటం.

చివరగా ఒకటి, ఇది ఈరోజే చేయండి. మీరు పంపిన పీడీఎఫ్‌ని నేను బ్రౌజర్‌లో తెరిచినప్పుడు పైన ట్యాబ్ మీద మీ పేరు లేదు, ఇంకెవరిదో పేరూ దాని పక్కన రెజ్యూమె అనీ కనిపించింది. ఆ టెంప్లేట్ చేసినవాళ్లది అయ్యుంటుంది. వర్డ్‌లో ఫైల్ మెనూలో ఇన్ఫో తెరిస్తే కుడివైపు టైటిల్, ఆథర్ అని ఉంటాయి, రెండుచోట్లా మీ పేరు రాసి, సేవ్ చేసి, పీడీఎఫ్ మళ్లీ తయారు చేసుకోండి. ఇప్పటికే ఎక్కడికైనా పంపి ఉంటే సరిచేసినది ఇంకోసారి పంపడానికి మొహమాట పడకండి.